వంత పాడిన గొంతు

తెలుగున 'వంత' యను మాటకు రెండర్థములు కలవు. దుఃఖమని యొకటి, ఒకరు పాడుచుండగా వెనుక నిలిచి యందుకొని పాడుట యని రెండవది. చిన్ననాట మా తండ్రిగారు భాగవతము చెప్పుచు నీ మాట వచ్చినప్పుడెల్ల మొదటి యర్థమునే చెప్పెడివారు. రెండవ యర్థమును మాకు మా జిన్నారపు బతుకమ్మలు నేర్పినవి. ఈ రెండును ఒక్క మాటలో నేల యిమిడినవో మాత్రము ముప్పది యేండ్లు దాటినదాక మేమెఱుగము. సముద్రముల కావల నొక స్త్రీ పాడిన పాటల ఆల్బమును విన్న పిదప నది మాకు తెలిసివచ్చినది. ఆ కథనే యీ నెల సోదరీమణులకు విన్నవింపబూనితిమి.

మా జిన్నారము సంగారెడ్డి జిల్లాలోనిది. ఒకవైపున బొల్లారము, గడ్డపోతారము, ఖాజీపల్లి కర్మాగారముల పొగగొట్టములు, ఒకవైపున వరిమళ్లు, కొంత దూరమున బొంతపల్లి వీరభద్రస్వామి గుడి. తెల్లవారుజామున కోడి కూయకమునుపే కంపెనీ బస్సు కూత వినవచ్చును. మా వీథి స్త్రీలలో పెక్కండ్రు ఆ బస్సులెక్కి పోయి, మందుల కర్మాగారములలో డబ్బాలు నింపి, చీటీలంటించి, దీపములు పెట్టిన పిమ్మట నిండ్లు చేరుదురు. పగలెల్ల నోటికి గుడ్డ కట్టుకొని మాటలాడక పనిచేసిన యీ స్త్రీలే బతుకమ్మ తొమ్మిది దినములును వేఱు మనుష్యులగుదురు. నడుమ తంగేడుపూల బతుకమ్మలు, చుట్టును వలయముగా స్త్రీలు. ఒకతె చరణమెత్తుకొనును, తక్కినవారు ఉయ్యాలో యని యందుకొందురు. ఆ యెత్తుకొనెడి యామెకు మా యూర గొప్ప గౌరవము. ఆమె యొకసారి తడబడినను వలయము తడబడదు. వంత యామెను మోసికొని పోవును.

మా పొరుగింటి పిల్ల యొకతె పదునాఱవ యేటినుండియు నట్లు పాట నెత్తుకొనుచుండెను. తల్లి మందుల కర్మాగారమున పనిచేయును. పిల్ల మమ్ము చిన్నమ్మ యని పిలుచును. చామనచాయ కన్న నలుపు, పొట్టి, కొంచెము బొద్దు. గొంతు మాత్రము చెఱువు కట్టమీద పాడినచో నావలి యొడ్డున వినబడునట్టిది. రెండేండ్ల క్రిందట పట్నమున జరిగిన యొక పాటల పోటీకి తల్లి యొక దినపు కూలి మానుకొని యా పిల్లను తీసికొనిపోయినది. అచట పాట విన్నవారు గొంతు మెచ్చుకొనిరట. పిదప, పిల్ల యింకను గదిలో నుండగనే, తెఱకు రూపము చాలదని తమలో తాము చెప్పుకొనిరట. తిరిగివచ్చిన నాటినుండి పిల్ల పాడుట మానెను. ఆ యేటి బతుకమ్మనాడు వలయపు చివర నిలిచి చప్పట్లు మాత్రము చఱచెను.

మేమామెను పిలిచి యోదార్చితిమి. "పోనీలే తల్లీ, ఇంట్ల దేవునికి హారతిపాటలు పాడుకో, చాలదా?" అంటిమి. ఆ పిల్ల మా ముఖము చూచి, "ఎవ్వరికి కనబడకుండ పాడుకోవాల్నా చిన్నమ్మా?" అనెను. మేము మాఱు పలుకలేకపోతిమి. ఓదార్పు అనుకొన్న మా మాటకును ఆ పోటీవారి మాటకును భేదమేమి?

ఆ సంక్రాంతికి మా చిన్న మఱిది అమెరికానుండి వచ్చెను. అతడచట నుద్యోగము చేయుచున్నాడు. ఒక సాయంత్రము మేము సకినాలు చుట్టుచుండగా నతడు తన ఫోనును చిన్న పెట్టెకు తగిలించి యొక పాట వినిపించెను. డోలు దెబ్బలు, బూరల కేకలు, వాని మీదుగా నొక స్త్రీ కంఠము. మేము పోతనను చదువుకొన్నవారము. మాకది మొదట రచ్చగనే తోచినది. "కొంచెం తగ్గించు నాయనా" అంటిమి. అతడు నవ్వి, "వదినె, ఇంగ్లీషు మాటలు వదిలెయ్యి. ఆమె ఏమంటున్నదో కాదు, వెనుక వాళ్లు ఏమని బదులిస్తున్నరో విను" అనెను. చేతిలో పిండి యుండగనే వింటిమి. ఆమె యొక మాట యనును. వంతవారొక మాట యందురు. బూరలొక మాట యనును. ఆమె నిట్టూర్చిన చోట బాండంతయు నిట్టూర్చును. ఇది మా చెఱువు కట్టమీది వలయమే గదా యని మాకు చటుక్కున స్ఫురించినది.

ఆ గాయని పేరు షారన్ జోన్స్. వెనుక నున్న బాండు పేరు డాప్ కింగ్స్. డాప్ అనగా నమెరికా నల్లజాతివారు కలిసికొన్నప్పుడు చేతులు తాటించి చేసికొను పలకరింపట. మాకైతే ఆ పేరు విన్నంతనే డప్పే జ్ఞప్తికి వచ్చినది. ఆ జ్ఞప్తి యకారణము కాదని ముందు చెప్పుదుము. ఆల్బము పేరు 'హండ్రెడ్ డేస్, హండ్రెడ్ నైట్స్', అనగా నూఱు పగళ్లు, నూఱు రాత్రులు. 2007 అక్టోబరు 2వ తేదీన వెలువడినది. పాటలు పది. వీని జాతిని సోల్ అనియు ఫంక్ అనియు చెప్పుదురు.

సోల్ అనగా నాత్మ. ఈ పేరేల వచ్చినదో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను. ఆఫ్రికానుండి బానిసలుగా పట్టి తెచ్చిన జనులచేత నమెరికాలో ప్రత్తిచేలలో పని చేయించిరి. వారి డోలు చప్పుడు తిరుగుబాటునకు సంకేతమగునని యజమానులు భయపడిరి. 1739లో దక్షిణ కెరొలైనాలో బానిసల తిరుగుబాటొకటి జరుగగా, మఱుసటి యేడు, 1740లో, అచటి ప్రభుత్వము వారు డోళ్లు వాయించుటను శాసనము చేసి నిషేధించెను. డోలు పోయినను తాళము పోలేదు. వారు చేతులు చఱచి, పాదములతో నేలను తట్టి, యొకరు పాడగా పదుగురందుకొని, పొలములోను ప్రార్థనలోను తాళమును నిలుపుకొనిరి. 1865లో బానిసత్వము చట్టరీత్యా తొలగిన పిదపను అవమానములు తొలగలేదు గాన నా పాటయు నిలిచినది. వారి దేవాలయములలో నది గాస్పెల్ అను భక్తిగీతమైనది. 1950ల నాటి నుండి రే చార్లెస్ మొదలగువారు ఆ భక్తిగీతపు గొంతుకతోనే లోకపు ప్రేమను, వియోగమును పాడసాగిరి. అదియే సోల్. మతబోధకుని కూతురైన అరీతా ఫ్రాంక్లిన్ 1967లో తన్ను గౌరవింపుమని పాడిన పాట యా దేశపు స్త్రీల కందఱకును తమ మాటయే యైనది. దుఃఖమను వంతయు, తోడుపాట యను వంతయు నొక్కచోట పుట్టినవని మేము గ్రహించినదిచటనే. దుఃఖము నొంటరిగా మోయలేనివారే దానిని పదిమంది గొంతులకు పంచియిచ్చిరి.

ఇక ఫంక్. దీనికి మూలపురుషుడు జేమ్స్ బ్రౌన్. 1933లో పుట్టి, 2006లో గతించెను. జార్జియా రాష్ట్రపు అగస్టా పట్టణమున బీదతనమున పెరిగినవాడు. 1965 మొదలుకొని యాతడు పాటలో రాగము కన్న తాళమును ముందునకు తెచ్చెను. నాలుగు దెబ్బల యావర్తములో మొదటి దెబ్బమీద బరువంతయు మోపవలెనని బాండును శాసించెను. మన సంగీతములో సమమందుమే, అచట నన్నమాట. ఆ దెబ్బ తప్పినవారికి జుల్మానా వేసెడివాడట! మఱి తక్కిన వాద్యములేమి చేయును? ఒక్కొక్కటి కొంచెము కొంచెమే పలుకును. ఒకటి వదలిన సందులో నింకొకటి దూరును. సోదరీమణులకు దీనిని తెలుపుటకు మాకొక్కటే యుపమానము దొరకినది. ముగ్గురు స్త్రీలు మూడు రోకళ్లతో నొక్క రోటిలో వడ్లు దంచుట చూచియుందురు. ఒక రోకలి లేచునప్పటికి రెండవది పడవలెను, ఏ రోకలియు నింకొకదానిని తాకరాదు, దెబ్బ యాగరాదు. చూచుచున్నవారికి కాలు కదలకమానదు. ఫంక్ అనగా నిదియే.

ఆ అగస్టాలోనే 1956 మే 4వ తేదీన షారన్ జోన్స్ పుట్టెను. తోబుట్టువులతో కూడి జేమ్స్ బ్రౌను నడకను పాటను అనుకరించుచు నాడుకొనినది. తల్లిదండ్రులు వేఱగుటచే చిన్నతనముననే తల్లివెంట న్యూయార్కు నగరపు బ్రూక్లినునకు వచ్చినది. దేవాలయములో భక్తిగీతములు, పెండ్లిండ్లలో విందుపాటలు, ఇతరుల రికార్డులలో వంత. ఆమె గొంతునకు చాలకాలము దొరకినవి యివియే. పాటలు ముద్రించు వ్యాపారులు కొందఱామెను చూచి, మఱీ నలుపు, మఱీ పొట్టి, మఱీ లావు, ఇరువదియైదేండ్లు దాటినవి గాన మఱీ ముదురు అని చెప్పి పంపిరి. ఈ మాట నామెయే పెక్కుసారులు చెప్పుకొనినది. వినుచుండగా మా పొరుగింటి పిల్ల మా కన్నులయెదుట నిలిచినది. ఖండములు వేఱైనను తూచు త్రాసు ఒక్కటియే!

ఆమె యింటికి పోయి యేడ్చుచు కూరుచుండలేదు. కడుపు నిండవలెను గదా. రైకర్స్ ద్వీపమున నున్న చెఱసాలలో కాపలాదారుగా పనిచేసినది. బ్యాంకుల రొక్కమును మోయు బండికి తుపాకి పట్టి కావలి కాచినది. ఆదివారములు దేవాలయములో పాడినది. అట్లు నలువది యేండ్లు నిండినవి.

1996లో లీ ఫీల్డ్స్ అను గాయకుని రికార్డునకు ముగ్గురు వంతగత్తెలు కావలసివచ్చిరి. పిలుపు నందుకొని వచ్చినది షారన్ యొక్కతెయే. మిగిలిన యిద్దఱేల, ఆ మూడు పాళ్లును నేనే పాడెదనని యామె చెప్పి, మూడు గొంతుల వంతను తానొక్కతెయే పాడినది. రికార్డు చేయుచున్న గేబ్రియెల్ రాత్ అను యువకుడు అది విని యాశ్చర్యపడి, ఆమెచేతనే ముందు నిలిపి పాడించెను. వంత పాడుటకు వచ్చిన స్త్రీ వలయము నడుమకు వచ్చినదిట్లు. మొదటి ఆల్బము 2002లో వెలువడినది. అప్పటి కామెకు నలువదియాఱేండ్లు.

రాత్, అతని మిత్రుడు నీల్ షుగర్‌మన్ కలిసి డాప్‌టోన్ అను చిన్న కంపెనీ పెట్టిరి. బ్రూక్లినులో బుష్విక్ అను పేటలోని పాత యింటి నొకదానిని తమ చేతులతో బాగుచేసికొని రికార్డుశాల చేసికొనిరి. ఈ కాలమున పాట రికార్డు చేయుట యెట్లనగా, డోలువాడొకనాడు, బూరవాడొకనాడు, గాయకుడొకనాడు వచ్చి పాడిపోవుదురు. యంత్రము వారిని కుట్టి యొకటి చేయును. తప్పులను యంత్రమే దిద్దును. డాప్‌టోన్‌వారు ఆ పద్ధతి యొల్లక, పాత టేపు యంత్రములమీద, బాండంతయు నొక్కగదిలో నొక్కమాఱుగా వాయించుచుండగా ముద్రించిరి. మిక్సీలో త్రిప్పిన పచ్చడికిని రోట నూఱిన పచ్చడికిని గల భేదము వంటలు చేయువారికి చెప్పనక్కఱలేదు. రోటి పచ్చడిలో నక్కడక్కడ మిరపగింజ పంటి క్రింద పడును. ఆ రుచియే వేఱు. ఈ ఆల్బములో బాండువారి యూపిరి, కంచుబూర యొరపిడి యట్లే చెవికి తగులును. ఈ బాండువారి నేర్పునకు మెచ్చి, ఇంగ్లండు గాయని ఏమీ వైన్‌హౌస్ 2006లో వెలువరించిన 'బ్యాక్ టు బ్లాక్' ఆల్బములోని పెక్కు పాటలకు వీరిచేత వాయింపించిరి. లోకము మొదట వీరి వాద్యమును విన్నదచటనే. వీరి గాయని నెఱిగినది పిదపనే.

ఆల్బమునకు పేరిచ్చిన మొదటి పాట యర్థము మా మఱిది చెప్పెను. పురుషుని హృదయము నెఱుగుటకు నూఱు పగళ్లు నూఱు రాత్రులు పట్టునని యొక స్త్రీ చెప్పుకొనుట. శకుంతల యా నూఱు దినములు తాళియుండినచో ఆదిపర్వమున దుష్యంతుని సభలో నన్ని మాటలు పడవలసివచ్చెడిది కాదు గదా యని మాకు నవ్వు వచ్చినది. పాట నడుమ నామె బాండును నిలుమని, కొంచెము నెమ్మదిగా పోనిండని చెప్పును. వెంటనే తాళము దిగి నడక మాఱును. మనసు తెలియుటకు తొందరపడరాదన్న మాటను తాళముచేతనే చెప్పించుట మాకెంతయు నచ్చినది. మఱియొక పాటలో తానెవ్వరి సొత్తును కానని చెప్పును. ఇంకొకదానిలో, ఎంత యెదిగినను నన్ను వినయము వీడనీయకుమని వేడుకొనును. కట్టకడపటి పాట దేవుని బదులిమ్మని యడుగు ప్రార్థన. లోకపు ప్రేమతో మొదలైన ఆల్బము దేవాలయమున ముగియును. గజేంద్రుని మొఱను విని పెరిగిన చెవులకు ఆ ప్రార్థన పరాయిది కాలేదు. ఈ ఆల్బము వచ్చునాటి కామెకు ఏబదియొక యేండ్లు. ముదురన్న మాట చెప్పి పంపినవారేమనుకొనిరో!

ఇచట మా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. ఒక నాయకగాయకుడు, వెనుక వంత, కాలు కదలించు తాళము. ఇవి మనకు లేనివా? బుఱ్ఱకథలో కథకునికి కుడియెడమల నిద్దఱు వంతలుందురు. ఒకరిది రాజకీయపు వంత, ఒకరిది హాస్యపు వంత. ఆ కళను దేశమంతట ప్రకాశింపజేసిన షేక్ నాజరుగారికి 1986లో పద్మశ్రీ వచ్చినది. మల్లన్న కథ చెప్పు ఒగ్గువారి డోళ్ల యెదుట నిలిచిన వారెవ్వరును నిలిచినచోట నిలువలేరు. మా పాత మెదకు జిల్లాలోని తూప్రానులో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దరను పేర గజ్జెకట్టి, గొంగడి భుజమున వేసికొని, 1972లో నేర్పడిన జననాట్యమండలితో నూరూర నాడి పాడెను. ఆయన రాజకీయముతో మా కేకీభావమున్నదా లేదా యన్నది యిచట ప్రశ్న కాదు. అమావాస్యనాడు పుట్టిన యాడుబిడ్డను గూర్చి ఆయన పాడిన పాట వినియు కన్నీరు పెట్టని తల్లిని మేము చూడలేదు. 2023 ఆగస్టు 6న ఆయన గతించినప్పుడు మా వీథి కర్మాగారపు స్త్రీలు ఆ పాటనే పాడుకొనిరి. ఆయన పాటకు వెన్నెముక డప్పు.

ఆ డప్పు చప్పుడు వినబడినచో మా పుట్టింట తలుపులు మూసెడివారు. చావునకు మ్రోగునది, అంటరానివారిదని చెప్పెడివారు. మేమును మఱి ప్రశ్నింపక, పెండ్లియై వచ్చిన పిదపను, మా వీథి పిల్లలు డప్పునకు కాలు కదిపినచో కన్నెఱ్ఱ చేసితిమి. ఊరివా రందఱి శుభాశుభములకును ఆ డప్పు కావలెను. వాయించినవానికి మాత్రము గుమ్మములో చోటు లేదు! డోలును శాసనముచే నిషేధించిన దొరలను చదివి మేము కోపించితిమి. మా తలుపు మూసిన చప్పుడు మాకు వినబడలేదు. బ్రూక్లిను పాట విని జిన్నారపు డప్పును గౌరవింప నేర్చుకొనవలసివచ్చుట మాకు సిగ్గే. ఆలస్యముగనైనను నేర్చితిమి.

షారన్ కథ యింకను మిగిలినది. 2013లో నామెకు క్యాన్సరు బయటపడినది. శస్త్రచికిత్స, మందులు. ఆ యేడు రావలసిన ఆల్బమును ఆపివేసి 2014 జనవరిలో విడుదల చేసిరి. మందులచే జుట్టంతయు రాలినది. ఆమె సవరము పెట్టుకొనక, బోడితలతోనే రంగస్థలమెక్కి, యెప్పటివలె నెగిరి యాడి పాడినది. జుట్టు పోయిన యాడుదాని ముఖము చూచుట కిష్టపడని లోకముననే మనము నున్నాము గాన నా ధైర్యమెట్టిదో మనకు తెలియును. ఆ ఆల్బమునకు గ్రామీ బహుమానపు తుదిపట్టికలో చోటు దక్కినది. ఆమె జీవితముపై బార్బరా కోపుల్ అను దర్శకురాలు చిత్రము తీసిరి. 2015లో నా చిత్రము మొదట ప్రదర్శించిన సమయముననే, రోగము మరల వచ్చినదని షారన్ సభవారికి చెప్పినది. చెప్పియు పాడుట మానలేదు. వల్లయైన దినములలో రికార్డుశాలకు వచ్చి పాటలు పూర్తిచేసినది. 2016 నవంబరు 18న, అఱువదేండ్ల వయసున గతించినది. చివరి ఆల్బము 2017 నవంబరులో వెలువడినది. దాని పేరు 'సోల్ ఆఫ్ ఎ వుమన్', స్త్రీ యొక్క యాత్మ. అందలి కడపటి పాట యామె వయసులో నున్నప్పుడు తన దేవాలయపు గాయకబృందమునకై వ్రాసికొన్నది. దానికి వంత పాడినవారు ఆ దేవాలయపు పాత స్నేహితులే. ఆమె లేకపోయినను వలయము చెదరలేదు.

మఱిది తిరిగి పోవునప్పుడా పాటలను మా ఫోనులో నుంచిపోయెను. ఒక ఆదివారము పొరుగింటి పిల్లను పిలిచి, కథ చెప్పక, ముఖము చూపక, పాట మాత్రము వినిపించితిమి. పిల్ల విన్నది; మరల వేయుమన్నది. మూడవమాఱు వేయునప్పటికి వంత నందుకొన్నది. అప్పుడు షారన్ బొమ్మ చూపి, ఆమెను తూచినవారి మాటలు చెప్పితిమి. పిల్ల చాలసేపు బొమ్మను చూచి, "నా లెక్కనే ఉన్నది చిన్నమ్మా" అనెను. ఆ మాటలో విచారము లేదు. పిదప, "నలభై ఏండ్లు ఆగిందా?" అని యడిగెను. "ఆగలేదు బిడ్డా. పాడుతనే ఉన్నది. విన్నోళ్లు ఆలస్యం చేసిండ్రు" అంటిమి. మా మాట మాకే కొత్తగ వినబడినది. హారతిపాటలు చాలవా యన్న నోటినుండియేనా యిది వచ్చినదని.

సోదరీమణులారా, ఆ పిల్లకు పట్నమున బహుమానము వచ్చినదని వ్రాయగలిగినచో బాగుండెడిది. అట్టిదేమియు జరుగలేదు. ఇంటర్మీడియెటు ముగిసి, యిల్లు గడవవలసి, ఆమెయు తల్లివెంట కంపెనీ బస్సెక్కుచున్నది. మరల పోటీకి పోవలెనా వలదా యని యింకను తేల్చుకొనలేదు. కాని మొన్నటి సద్దుల బతుకమ్మనాడు, పనినుండి వచ్చి స్నానము చేసి, పచ్చచీర కట్టుకొని చెఱువు కట్టకు వచ్చినది. వలయము కూడినది. ఎవ్వరెత్తుకొందురా యని యందఱు నొకరినొకరు చూచుచుండగా నా పిల్ల గొంతు లేచినది. ఒక చరణము చివర కొంచెము వణికినది. అంతలో తల్లి యందుకొన్నది, ఆమెవెంట పదుగురు, మేమును. కట్ట క్రింద డప్పు మ్రోగుచుండెను. మా యింటివారు పిల్లలను వెంటబెట్టుకొని దూరమున నిలిచి చూచుచుండిరి; మా పాదము తాళమునకు కదలుట చూచి చిఱునవ్వు నవ్విరి. మేమాపుకొనలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించితిమి. అందఱును ముందు నిలిచి పాడలేరు, పాడవలసినపనియు లేదు. కాని మన యిండ్లలో, మన వీథులలో గొంతున్న పిల్ల యొకతె యుండును. ఆమె రంగును చూచి, యెత్తును చూచి, కులమును చూచి, పెండ్లి కెక్కడ నడ్డువచ్చునో యని చూచి, మనమే మొదట నామె నోరు నొక్కుచున్నాము. పోటీవారి తీర్పు తరువాతి మాట. ఆమె యెత్తుకొన్నప్పుడు వెనుకనుండి యందుకొనుటకు పది గొంతులున్నచో ఆమెకు వణకు తీరును. మనకు చేతనైనది యా వంత. అది పాడుట కిష్టములేనివారు కనీసము తలుపులు మూయకుందురు గాక.